క్రొత్త యింటికి పిట్టగోడ

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, 2 సమూయేలు 11:2, అపొస్తలుల కార్యములు 10:9



పంట యిల్లు చేరి నాలుగు డబ్బులు చేత నిలిచిన దినములలో మన గ్రామ సంఘములలోని కుటుంబములవారు ఒక ప్రశ్నను మా యొద్దకు తెచ్చుట కద్దు. “అయ్యగారూ, ముందు గదిలోనికి చిన్న టీవీ ఒకటి తీసికొనదలచితిమి. తీసికొనవచ్చునా? తీసికొన్నయెడల ఎట్టిది తీసికొనవలెను?” ఈ రెండు ప్రశ్నలలో మొదటిది బోధకునిదనియు, రెండవది అంగడివానిదనియు కొందరు తలంచుదురు. మేము అట్లు తలంచుట లేదు. ఇంటి కప్పు అంచు ఎట్లుండవలెనో చెప్పుట తనకు తగని పని యని దేవుని ధర్మశాస్త్రము అనుకొనలేదు గదా.

మోషే ద్వారా ఇయ్యబడిన ఆ ఆజ్ఞ చాల చిన్నది. క్రొత్త యిల్లు కట్టుకొనువాడు మిద్దె చుట్టు పిట్టగోడ వేయవలెను. వేయనందున ఎవడైన పడి చనిపోయినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిదగును. మిద్దెయే కట్టవద్దని దేవుడు చెప్పలేదని గమనించుడి. ఆ దేశపు మిద్దెలు మన పల్లెల డాబాలవలె చదునైనవి. మనము మిరపకాయలు ఆరబోసికొనునట్లే రాహాబు తన మిద్దెమీద జనుపకట్టె ఆరబెట్టుకొనెను. దాని క్రిందనే వేగులవారిని దాచెను. యొప్పేలో మధ్యాహ్న ప్రార్థనకై పేతురు ఎక్కినది మిద్దెయే. కొర్నేలీ యింటికి, అతని ద్వారా మనవంటి అన్యజనులకు, సువార్త వచ్చుటకు ముందుగా దర్శనము కలిగినది ఆ మిద్దెమీదనే. అయితే దావీదు కూడ సాయంకాలమున పడక విడిచి మిద్దెమీదనే నడచుచుండెను. సేన యంతయు యుద్ధమునకు పోయినది. ఆయన మాత్రము ఇంట నిలిచెను. రాజనగరు మిద్దెకు పిట్టగోడ ఉండియే యుండును. ఆయన కాలు జారలేదు, కన్ను జారినది.

ప్రార్థన జరిగిన మిద్దె ఒకటి, పతనము జరిగిన మిద్దె ఒకటి. రెండును మట్టితోను రాతితోను కట్టినవే. టీవీని గూర్చి మన సంఘములలో రెండు పక్షములుగా వాదించువారు ఈ సంగతి ఆలోచింపవలెనని మా మనవి. “అది సాతాను పెట్టె” యని ప్రసంగించి, అదే రాత్రి సెల్‌ఫోనులో అంతకంటె హీనమైనవి చూచువారిని మేము ఎరుగుదుము. “కాలము మారినది, చూచిన తప్పేమి” యని పిల్లల చేతికి రిమోటు ఇచ్చి నిద్రపోవువారిని సైతము ఎరుగుదుము. ఆ ధర్మశాస్త్రవాక్యము ఈ యిరువురిని ఒప్పుకొనదు.

ఈ యంత్రము పుట్టుక కథ వినదగినది. 1926 జనవరి 26వ తేదీన లండనులో కదలుచున్న బొమ్మను పంపి పండితులకు చూపిన జాన్ లోగీ బెయిర్డ్ ఒక సంఘకాపరి కుమారుడు. స్కాట్లాండులోని హెలెన్స్‌బరోలో ఆయన తండ్రి సేవ చేసెను. అమెరికాలో ఫైలో ఫార్న్స్‌వర్త్ అను పదునాలుగేండ్ల రైతుబిడ్డ పొలములో వరుస వెంబడి వరుస సాళ్లు చూచుచుండగా, బొమ్మను కూడ అట్లే వరుసలుగా విడదీసి పంపవచ్చునను ఊహ అతనికి తట్టినదని చెప్పుదురు. 1927 సెప్టెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో అతడు మొదట పంపిన బొమ్మ ఒక గీత మాత్రమే. నాగలి పట్టిన మనవారికి ఈ సంగతి ఆనందము కలిగింపక మానదు. అయితే ఆయన తరువాతి కాలమున తన యింట టీవీ చూడనీయలేదనియు, అందులో చూడదగినది ఏదియు లేదనెననియు ఆయన కుమారుడే చెప్పెను. 1969లో మనుష్యుడు చంద్రునిమీద కాలు మోపుట తెరపై చూచినప్పుడు మాత్రము, ఇన్నాళ్ల శ్రమకు ఫలము దొరికినదని ఆయన తన భార్యతో అనెను. చేసిన చేతులకే ఈ మిద్దె రెండు విధములుగా కనబడినది!

మన దేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టీవీ ప్రసారము ఆరంభమాయెను. మన తెలుగు పల్లెలలో కొన్నిటికి అది 1975 ఆగస్టు 1న వచ్చినది. ఆకాశమునందలి ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఒక సంవత్సరము పాటు వ్యవసాయము, ఆరోగ్యము, చదువు మొదలగువాటిని గూర్చి కార్యక్రమములు పంపిరి. ఆంధ్రప్రదేశ్ ఆ రాష్ట్రములలో ఒకటి, తెలుగు ఆ భాషలలో ఒకటి. ఊరంతటికి ఒక్కటే పెట్టె. బడి యెదుటనో పంచాయతి చావడిలోనో అందరును కూర్చుండి చూచిరి. అప్పుడు ఏమి చూడవలెనను నిర్ణయము ఇంటి యజమానికి లేకుండెను. ఇప్పుడు పెట్టె పోయి పలక వచ్చినది, అది ఒక్కొక్క యింటి గోడ కెక్కినది, నిర్ణయము కూడ ఇంటికే వచ్చినది. కాబట్టి పిట్టగోడ కట్టవలసినవాడు ఊరి పెద్ద కాడు, నీవే.

ఇక కొనుట సంగతి. ప్రభువు గోపురము కట్టగోరినవాని ఉపమానములో, మొదట కూర్చుండి లెక్క చూచుకొనుమని చెప్పెను. అంగడికి పోవక మునుపు ఇంటిలో కూర్చుండి మీ ముందు గదిని కొలిచికొనుడి. టీవీకి చెప్పు అంగుళములు మూలనుండి మూలకు కొలిచిన కొలత, వెడల్పు కాదు. 32 అంగుళముల టీవీ తెర వెడల్పు సుమారు 28 అంగుళములు, ఎత్తు సుమారు 16 అంగుళములు. 24 అంగుళములది 21 వెడల్పు, 12 ఎత్తు. మన యిండ్లలో ముందు గది సాధారణముగా పది అడుగుల గదియే; గోడకును కూర్చుండువారికిని నడుమ అయిదారు అడుగులే మిగులును. అంత దూరమునకు 32 అంగుళములది చాలును. నాలుగడుగులే యున్నయెడల 24 అంగుళములది చాలును. 43 అంగుళములది తెచ్చి నాలుగడుగుల దూరమున కూర్చున్నవాడు బొమ్మ చూచుటకు తల అటునిటు త్రిప్పవలసి వచ్చును.

తెరమీది చుక్కల సంఖ్య చెప్పి అంగడివాడు ధర పెంచును. 32 అంగుళముల సాధారణపు తెరలో అడ్డముగా 1366, నిలువుగా 768 చుక్కలుండును. ఎక్కువ ధర గలదానిలో 1920, 1080 ఉండును. ఆరడుగుల దూరమునుండి చూచు కంటికి ఈ రెంటి భేదము ఇంచుమించు తెలియదు. చిన్న తెరకు 4కె అనుమాట విని డబ్బు పోయకుడి.

దానికంటె ముఖ్యమైనది ప్రక్కనుండి చూచినప్పుడు బొమ్మ ఎట్లుండుననునది. పట్నవాసులు సోఫాలో ఎదురుగా కూర్చుండి చూతురు. మన యింట నాయనమ్మ నులకమంచముమీద, పిల్లలు చాపమీద, ఇంటి కోడలు వంటగది గుమ్మమున, పొరుగువారు తలుపు నొద్ద. కొన్ని తెరలలో ప్రక్కనుండియు క్రిందనుండియు చూచువారికి రంగులు వెలిసిపోయి, ముఖములు మసకబారును. ఐ.పి.ఎస్. అను రకపు తెర ఇందుకు మేలైనది; నలుపు అంత నల్లగా నుండదు గాని ప్రక్కనున్నవానికిని బొమ్మ తెలియును. పేరు అడుగుట కష్టమైనయెడల అంగడిలోనే ప్రక్కకు నడచి, నేలమీద కూర్చుండియు చూడుడి. నవ్వువారు నవ్వుదురు గాక! అంగడిలోని టీవీలను మిక్కిలి వెలుగు వచ్చునట్లు పెట్టుదురని కూడ జ్ఞాపకముంచుకొనుడి. ఇంటికి తగిన వెలుగు పెట్టి చూపుమని అడుగవచ్చును.

శబ్దము సంగతి వేరు. తెర పలుచనైన కొలది స్పీకరుకు చోటు తగ్గినది. అది వెనుకకో క్రిందికో తిరిగియుండును. పాట పెట్టి చూపినయెడల అన్నియు బాగుగనే వినబడును. పాట వద్దని చెప్పి, మనిషి మాటలాడు కార్యక్రమము పెట్టుమనుడి. చెవి మందగించిన పెద్దలకు మాట తెలియునో లేదో అప్పుడు బయటపడును. తెలియనిచో తరువాత మీరు శబ్దము పెంచెదరు, ప్రక్క యింట పరీక్షకు చదువుకొను పిల్లవాడు బాధపడును. పొరుగువానిని ప్రేమించుట యను ఆజ్ఞకు గోడ అడ్డము కాదు.

కరెంటును గూర్చి భయపడువారికి ఒక మాట. 32 అంగుళముల ఎల్.ఇ.డి. టీవీకి సుమారు 50 వాట్లు చాలును. దినమునకు అయిదు గంటలు చూచినను నెలకు ఏడెనిమిది యూనిట్లే. అయిదు గంటలు చూడుడని మేము చెప్పుట లేదు! వెనుకనున్న చీటీలో 100 నుండి 240 వోల్టులు అని వ్రాసియున్నయెడల తక్కువ వోల్టేజికి అది తట్టుకొనును. పిడుగునకు ఏదియు తట్టుకొనదు. ఉరుము వినబడక మునుపే, మబ్బు కమ్మినప్పుడే, ప్లగ్గుతో పాటు డిష్ తీగను సహితము ఊడదీయవలెను. ప్లగ్గు తీసి తీగ మరచినందున కాలిపోయిన టీవీలు మన పల్లెలలో లెక్కలేనన్ని. మట్టిగోడకును, అర ఇటుక గోడకును మేకు కొట్టి వ్రేలాడదీయకుడి. బల్లమీద పెట్టినచో వెనుకకు జరిపి, గోడకు త్రాటితో బిగింపుడి. పసిపిల్లలు పట్టుకొని లేచుటకు చూతురు, టీవీ వారిమీద పడును. ఆ పాత ఆజ్ఞలో చెప్పిన రక్తాపరాధము ఇక్కడ అలంకారము కాదు.

నెలనెల రుసుము కట్టలేనివారికి దూరదర్శన్‌వారి ఫ్రీ డిష్ ఉన్నది. గొడుగును, పెట్టెను ఒకసారి కొనినచో నెల రుసుము లేదు. ఇంటర్నెట్టు లేని యింటికి స్మార్ట్ టీవీ కొని దానికై అదనముగా ఇచ్చిన సొమ్ము వ్యర్థమే.

ఇప్పుడు ధర. 2019 జనవరినుండి 32 అంగుళముల వరకు టీవీలపై పన్ను 18 శాతముగాను, అంతకు మించినవాటిపై 28 శాతముగాను ఉండెను. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్దవాటికి సహితము 18 శాతమే. అప్పటినుండి అంగడివారికి “పెద్దదే తీసికొనుడి” యనుటకు ఒక సాకు దొరికినది. చేత డబ్బు లేనివారికి వాయిదాల పద్ధతి చూపుదురు, వడ్డీ లేదందురు. వడ్డీ లేని అప్పు ఉన్నదా? 2013లో రిజర్వు బ్యాంకువారు బ్యాంకులకు ఒక ఆజ్ఞ పంపుచు, సున్న వడ్డీ అనునది నిజముగా లేనిదనియు, ఆ వడ్డీ రుసుముల పేరిట దాగియుండుననియు తెలిపిరి. కాబట్టి రొక్కమునకు ఎంత, వాయిదాలకు మొత్తము ఎంత అని రెండు అంకెలు కాగితముమీద వ్రాయించుకొనుడి. రెండవది ఎక్కువైనచో ఆ యెక్కువయే వడ్డీ. అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడగునని సొలొమోను సామెతలలో (22:7) నేర్చితిమి. గేదెకొరకు తీసికొన్న పొదుపు సంఘపు అప్పుతో టీవీ కొన్న కుటుంబములు ఉన్నవి. గేదె పాలిచ్చి అప్పు తీర్చును. టీవీ ఏమి ఇచ్చి తీర్చును? తోటి స్త్రీలు తమ వాయిదా ఆపుకొని ఆ యింటి వాయిదా కట్టవలసి వచ్చినప్పుడు, వారి బిడ్డల నోటి కూడు అందులో పోవుచున్నది. క్రిస్మసుకు కొనవలెనని ఆత్రపడక, వచ్చు పంటవరకు ఆగుట అవమానము కాదు. మా యెరుకలో మంచి కొనుగోలు అన్నిటికంటె ఎక్కువగా ఆగినవారికే దొరికినది.

ఇంతవరకు చెప్పినది అంగడి సంగతి. మాకు భారముగా నున్నది వేరొకటి. ఆ ముందు గది మన యింట ఒక్కటే గది. చుట్టము వచ్చినను అదే, బిడ్డ చదివినను అదే, ముసలమ్మ నిద్రించినను అదే, గృహ ప్రార్థనకు సంఘము కూడినను అదే. తలుపు తీయగానే కనబడు గోడమీద వాక్యపు క్యాలెండరు వ్రేలాడుచుండును, దాని క్రింద చిన్న అలమరలో బైబిలును పాటల పుస్తకమును ఉండును. టీవీకి అంగడివాని మనిషి కోరునదియు ఆ గోడనే. ప్లగ్గు కూడ అక్కడనే యుండును. కాబట్టి క్యాలెండరు వంటింటికి పోవును, బైబిలు బీరువాపైకి పోవును. ఎవరును దేవుని త్రోసివేయవలెనని తలంచలేదు. చోటు చాలలేదు, అంతే. లోతు కూడ సొదొమలో కాపురముండవలెనని బయలుదేరలేదు. గుడారపు దిక్కు మాత్రము అటు త్రిప్పుకొనెను.

కాబట్టి టీవీ కొనబోవు కుటుంబములకు మేము ఇచ్చుచున్న సలహా ఇది. ఆ గోడను వాక్యమునకే యుంచి, టీవీని ప్రక్కగోడకు పెట్టుడి. ప్లగ్గు మార్చుటకు తీగయు, కొద్దిపాటి కూలియు పట్టును. టీవీ ధరలో దానిని కూడ చేర్చి లెక్క వేసికొనుడి. ప్రక్కగోడమీది తెర కిటికీ వెలుగు పడక ఇంకను స్పష్టముగా కనబడుననునది అదనపు లాభము. 32 అంగుళములది ఆ గోడకు పట్టదందురేమో. అప్పుడు 24 అంగుళములది తీసికొనుడి. చిన్నది ఎందుకని చుట్టములు అడిగినయెడల, జవాబు చెప్పుటకు గోడమీద వాక్యమున్నది గదా.

వేళ సంగతి గోడకంటె కష్టము. పొలమునుండి వచ్చి, స్నానము చేసి, అన్నము తిని, దీపమునొద్ద కూర్చుండి కుటుంబ ప్రార్థన చేయు వేళయే సీరియళ్ల వేళయు. మన తాతలు కిరసనాయిలు బుడ్డి వెలుగున చేసిన ప్రార్థన ఈ విద్యుద్దీపముల కాలమున ఎందుకు తగ్గిపోయినదని సంఘపెద్దలు విచారించుచున్నారు. ప్రార్థన ముందు చేసి తరువాత టీవీ పెట్టుదుమని కొందరు నిర్ణయించుకొందురు. వినుటకు బాగున్నది గాని, ఆ ప్రార్థనలో అందరి చెవులును గడియారముమీదనే యుండును. ఆమేను అని ముగింపక మునుపే ఒక చేయి రిమోటు వెదకును. చూచిన తరువాత చేయుదుమనువారికి నిద్ర వచ్చును. వారమునకు రెండు రాత్రులు టీవీ బొత్తిగా మానివేసిన యిండ్లలో మాత్రము పిల్లలు మరల వాక్యము కంఠస్థము చేయుట మేము చూచితిమి. అందరికి ఇదే నియమమని చెప్పము. కొనక మునుపే, డబ్బు చేతనుండగానే, ఇంటిల్లిపాది కూర్చుండి వేళ నిర్ణయించుకొనుడి. కొన్న తరువాత పెట్టిన నియమము నిలుచుట అరుదు. పిల్లలు చూడరాని చానళ్లకు రహస్య అంకెతో తాళము వేయు సౌకర్యము చాల టీవీలలోను సెట్‌టాప్ పెట్టెలలోను ఉన్నది. అంగడివానిచేతనే పెట్టించుకొనుడి, ఆ అంకె తల్లి ఎరిగియుండవలెను. తండ్రికి కూడ ఆ తాళము అక్కరకు వచ్చునని కొందరు తల్లులు చెప్పిరి. దావీదు రాజు కదా!

ఈ తెరను గూర్చి ఒక వింత చెప్పవలెను. ఎల్.సి.డి. తెరలో బొమ్మను చేయు ద్రవస్ఫటికములకు స్వంత వెలుగు లేదు. వెనుకనున్న చిన్న దీపముల వెలుగును అవి అడ్డగించును లేదా పోనిచ్చును. 1888లో ప్రాగ్ నగరమున ఒక వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్టు దుంపలనుండి తీసిన పదార్థమును పరీక్షించుచు మొదట ద్రవస్ఫటికములను కనుగొనెను. కన్ను దేహమునకు దీపమని ప్రభువు కొండమీద చెప్పినప్పుడు (మత్తయి 6:22) ఆయన అడిగినది కంటికి స్వంత వెలుగున్నదా యని కాదు. అది దేనిని లోనికి పోనిచ్చుచున్నదనియే.

మంచముపట్టిన పెద్దలను మరువరాదు. 2020లో కరోనా వ్యాధివలన దేవాలయములు మూయబడినప్పుడు అనేకులు టీవీలోను ఫోనులోను ఆరాధన విని ఓదార్పు పొందిరి. నడువలేని తల్లికి ఆదివారము ఉదయము మంచమునొద్దకు ఒక కీర్తన, ఒక ప్రసంగము వచ్చుట దేవుని ఉపకారమే. అట్టి తల్లి యున్న యింటివారు తక్కిన లెక్కలన్నిటికంటె ముందు ఆమె మంచమునుండి తెర కనబడునా, మాట వినబడునా అని చూచి కొనవలెను. అయితే కాళ్లు బాగుగా నున్నవారు కొందరు ఆ తరువాత దేవాలయమునకు తిరిగి రాలేదు. తెరలోని బోధకుడు రొట్టె విరిచి నీ చేతికి ఇయ్యడు, నీ తల్లి సమాధి యొద్ద నిలువడు, జ్వరములో నీ నుదుట చేయి పెట్టడు. ఖాతా అంకె చూపి కానుక పంపుమని మాత్రము అడుగువారున్నారు. ఆ ముసలమ్మ పింఛనులోనుండి ఎంత పోవుచున్నదో కుమారులు మెల్లగా విచారింపవలెను; సంఘపెద్దలు నెలకొకసారియైన ఆ మంచమునొద్దకు ప్రభుబల్లను తీసికొని పోవలెను. టీవీ ఉన్నది గదా యని ఆ దర్శనము మానుట మాకు తగినదిగా తోచదు.

చివరకు పాత టీవీ సంగతి ఒకటి మిగిలినది. లావుపాటి గాజుగొట్టపు టీవీలు ఇంకను కొన్ని యిండ్ల మూలలలో పడియున్నవి. ఆ గొట్టపు గాజులో సీసము కలదు, లోపల గాలి లేని శూన్యము కలదు. రాగితీగ కొరకు పిల్లలు రాయి వేసినయెడల గాజుముక్కలు ఎగిరి కన్నులలో పడును, సీసము మట్టిలో చేరును. క్రొత్తది కొనునప్పుడు పాతదానిని తీసికొని కొంత ధర తగ్గించు అంగళ్లున్నవి, అడుగుడి. ధర తగ్గింపకున్నను ఊరకనే ఇచ్చివేయుడి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమములప్రకారము, పాతవాటిని సరిగా విడగొట్టించు బాధ్యత తయారుచేయు కంపెనీలమీద నున్నది. బండిలో వేయునప్పుడు గోనెపట్ట చుట్టి పంపుడి.